సుగ్గికి పోయే ఇల్లు

దీపావళి అయిపోయి, చేన్లో పత్తి రెండో తీత కూడా ముగిసినాక, నాగమ్మ ఇల్లు సర్దడం మొదలుపెడుతుంది. ఏటా అంతే. ఉట్టి మీది కుండలు దించి, గుడ్డలు చుట్టి మూలకు పెట్టాల. గూట్లో దేవుని పటాలను దారంతో కట్టాల, లేకపోతే దోవలో గుంత వచ్చినప్పుడల్లా రాలి పడతాయి. మిద్దె మీద ఎండబోసిన వరుగులు దించాల. అన్నీ అయినాక తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, కూలోళ్ళను కుదిర్చే మేస్త్రీ పంపిన లారీ ఎక్కుతుంది. లారీ కదులుతుంది. వెనకనే ఇల్లు కూడా లేచి, పునాది మన్ను దులుపుకుని, పక్కింటి గోడకు రాసుకోకుండా జాగ్రత్తగా వీధిలోకి వచ్చి, లారీ వెంట నడుస్తుంది.

కోసిగి పక్క ఊర్లలో ఇది అందరికీ తెలిసిందే. వానలు మొగం చాటేసిన ఈ నేలలో దీపావళి దాటితే పని ఉండదు. అప్పుడు గుంటూరు దిక్కుకు పోయి, అక్కడి రైతుల చేన్లలో మిరప్పండ్లు కోసి, ఉగాదికి తిరిగి వస్తారు. దాన్నే సుగ్గి అంటారు. మనుషులు పోయినాక ఇండ్లు మాత్రం ఒంటిగా ఏం చేస్తాయి? అవీ పోతాయి. ఇండ్లు లెక్కపెట్టే ఉద్యోగులు తెలివిగా దసరాలోపలే వచ్చిపోతారు. ఒకసారి ఎవరో కొత్త సారు జనవరిలో వచ్చి, ఊరంతా ఖాళీ స్థలాలేనని రాసుకుని పోయినాడు, పాపం.

ఇల్లు ఎవరెంట పోతుందంటే, ఇంటి పెద్ద వెంట. ఎవరు పెద్ద అనేది మనుషులు చెప్పేది కాదు, ఇల్లు చెప్పేదే. నాగమ్మ మామ బసప్ప బతికున్నన్నాళ్ళూ ఇల్లు ఆయన వెంటే పోయేది. ఒక యేడు బసప్ప ముందు లారీలో, ఆయన కొడుకు సిద్దప్ప వెనక లారీలో ఎక్కితే, ఇల్లు వెనక లారీ వెంట నడిచింది. ముసలాయన అది చూసి "హమ్మయ్య, ఇంక నాకు బరువు తగ్గె" అని నవ్వి, బీడీ ముట్టించుకున్నాడు. అప్పటినుంచి పెద్ద సిద్దప్పే. నాగమ్మకు మాత్రం లోపల ఒక అనుమానం, ఇల్లు నడిచేది తన వెంటనేనని. మొగుడూ పెళ్ళాలు ఎప్పుడూ ఒకే లారీలో పోతారు కాబట్టి ఆ సంగతి తేలలేదు. తేల్చుకోవాలని ఆమె పట్టుబట్టనూ లేదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సునీత. ఏడో తరగతిలో ఉన్నప్పుడు లారీ ఎక్కమంటే బడి కిటికీ ఊచలు పట్టుకుని వదల్లేదు. ఆ బడి పంతులు లక్ష్మన్న సారు అడ్డం వచ్చి, సుగ్గి పిల్లల హాస్టల్లో చేర్పించినాడు. ఆ పిల్ల ఇంటర్‌లో మండలానికే మొదటిది వచ్చింది. ఆదోనిలో డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది. ఆ వంశంలో కాలేజీ గేటు లోపలికి పోయిన మనిషి అంతవరకూ ఒక్కరూ లేరు. నాగమ్మ ఆ వారమంతా బోరింగు కాడ బిందె నిండినా కదల్లేదు. ఎవరు వస్తే వాళ్ళకు మొదటినుంచి చెప్పింది.

కాలేజీ హాస్టల్ లిస్టులో మాత్రం సునీత పేరు రాలేదు. రైల్లో దినామూ వచ్చిపోవచ్చు కదా అని కాలేజీలో ఎవరో అన్నారు. జూన్‌లో వచ్చిపోవచ్చు, నిజమే. డిసెంబరులో ఇల్లే లేని ఊరికి వచ్చి ఎక్కడ పడుకుంటుంది? అందుకని తల్లీకూతుర్లు ఆదోనిలో రూము కోసం బయల్దేరినారు.

మూడు దినాలు తిరిగినారు. స్టేషన్ రోడ్డు, మార్కెట్ యార్డు వెనక సందులు, జిన్నింగు మిల్లుల పక్క వీధులు. ఒకచోట "ఒంటి ఆడపిల్లకు ఇయ్యం" అన్నారు. ఒకచోట తలుపు సగం తీసి, నాగమ్మ కాళ్ళు చూసి, మళ్ళీ మూసినారు. పొద్దున తిన్న బొరుగుల ఉగ్గాని ఎప్పుడో అరిగిపోయింది. మూడో దినం మధ్యాహ్నం పత్తి దళారి రంగనాయకులు ఇంటి ముందు నిలబడినారు. మిద్దె మీద ఒక రూము ఖాళీ ఉందని ఆటో అతను చెప్పినాడు.

ఇంటామె రాజేశ్వరి బయటికి వచ్చింది. బంగారు కమ్మలు, మెళ్ళో కళ్ళజోడు దారం. మనిషి కోపిష్టిది కాదు గానీ అన్నీ అడిగి తెలుసుకునే రకం.

"మీరేం చేస్తారమ్మా?" అన్నది.

"సుగ్గికి పోతామమ్మా," అన్నది నాగమ్మ. అబద్ధం చెప్పడం ఆమెకు చిన్నప్పటినుంచి చేతకాదు, గొంతు తగ్గించడమూ చేతకాదు.

రాజేశ్వరి మొగం విచ్చుకుంది. "సుగ్గా! మాది సిరుగుప్ప దిక్కమ్మా. మా పుట్టింట్లో సుగ్గి అంటే నెలనాళ్ళూ పండగే. ఇంటిల్లిపాదీ కళ్ళంలోనే."

"మేమూ అంతేనమ్మా. ఇల్లు గూడా ఆడికే వస్తాది."

"రావాల కదా మరి! పంట దగ్గర మనిషి లేకపోతే ఎట్ల? ఎన్నెకరాలు ఉంటాది?"

"పోయిన యేడు యాభై ఎకరాలమ్మా. అంతా మిరపే."

"ఏమండీ, వింటిరా?" అని రాజేశ్వరి లోపలికి కేకేసింది. "యాభై ఎకరాల మిరపంట!"

లోపల ఫోనులో పత్తి ధర మాట్లాడుతున్న రంగనాయకులు తలెత్తి, "కూర్చోమను, కూర్చోమను" అన్నాడు. కుర్చీలు వచ్చినాయి. స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చింది. రూము ఇచ్చేసినారు.

పాపం, ఇద్దరు ఆడవాళ్ళూ నిజమే మాట్లాడినారు. సిరుగుప్పలో కాలవ నీళ్ళు పారే చేన్లు, అక్కడ సుగ్గి అంటే సొంత పంట ఇల్లు చేరే కాలం. కోసిగిలో సుగ్గి అంటే ఎవరి పంటో కోసే కూలి. మాట ఒకటే. నాగమ్మ యాభై ఎకరాలు కోసిన మాటా నిజమే, తన చేతులతో కోసింది.

ఊరికి పోయి నాగమ్మ ఒకటే గొప్పలు. "సుగ్గికి పోతామని మొగం మీదే సెప్పినా. కుర్చీ ఏసి కాఫీ ఇచ్చింది ఆయమ్మ. మనమంటే టౌన్‌లో ఎంత మర్యాదనుకుంటిరి!" వినేవాళ్ళు కూడా నడుములు నిటారు చేసుకున్నారు.

సునీత ఆ రూములో కుదురుకుంది. ఒక చాప, ఒక పెట్టె, ఒక గ్యాస్ పొయ్యి, గోడకు టైంటేబుల్. కిటికీ తెరిస్తే మిల్లుల దూది నుసి లోపలికి తేలి వస్తుంది. కొళాయి రోజు మార్చి రోజు, తెల్లారి ఐదుకు. బిందె మొదట పెట్టిన వాళ్ళదే వంతు. మొదటి వారం వెనకబడింది గానీ రెండో వారానికి ఆ వీధిలో ఆమెకంటే ముందు ఎవరూ బిందె పెట్టలేకపోయినారు. రాజేశ్వరి "రైతుబిడ్డంటే ఇట్ల ఉండాల" అని వీధిలో చెప్పుకుంది. సునీతకు అప్పుడు ఏమీ అనుమానం రాలేదు.

శ్రావణమాసంలో వచ్చింది అనుమానం. రాజేశ్వరి వాయనం ఇస్తూ, "ఈసారి సుగ్గి అయినాక మీ చేను మిరప్పండ్లు ఒక బస్తా పంపమను మీ అమ్మను. ఊరగాయకు బజారు కాయ బాగుండదు" అన్నది. సునీత చేతిలో తాంబూలం అట్లే నిలిచిపోయింది. నోరు తెరవబోయింది. మూడు దినాల తిరుగుడు, సగం తెరిచి మూసిన తలుపులు గుర్తొచ్చినాయి. "సరే ఆంటీ" అన్నది. ఆ దినం నుంచి రాజేశ్వరి ఎదురుపడితే మెట్లు గబగబా ఎక్కేసేది.

నవంబరు చివర్లో, సుగ్గికి పోయే ముందు కూతుర్ని చూసిపోదామని నాగమ్మ వచ్చింది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టుకుని వచ్చింది. రాజేశ్వరి ఆప్యాయంగా కూర్చోబెట్టి అడిగింది.

"ఈసారి సుగ్గికి కూలోళ్ళను ఎంతమందిని పెట్టుకుంటున్నారమ్మా?"

నాగమ్మకు నవ్వొచ్చింది. "మేం కూలోల్లను పెట్టుకునేదేందమ్మా! మేమే కదా కూలోల్లం."

"అంటే?"

"గుంటూరు దిక్కు రైతులు. వాల్ల సేన్లలో మేం మిరప్పండ్లు కోస్తాం."

రాజేశ్వరి సునీత వైపు చూసింది. నాగమ్మ కూడా చూసింది. సునీత తల వంచుకుని నిలబడి ఉంది. నాగమ్మ పెద్దగా చదువుకోలేదు గానీ కూతురి మొగం చదవడం వచ్చు. ఈ పిల్లకు ఎప్పటినుంచో తెలుసు, తెలిసీ నోరు మూసుకుంది. తలుపులు మూసిన ఇండ్లవాళ్ళ వల్ల కూడా ఆమెకు ఇంత బాధ కలగలేదు.

రాజేశ్వరి కోపంగా అరవలేదు. అరిచినా బాగుండేది. "కూలి చేసుకుంటే తప్పని నేననను నాగమ్మా. కానీ ఒంటి పిల్ల. మీరిద్దరూ నాలుగు నెలలు ఎక్కడో ఉంటారు. ఊళ్ళో ఇల్లు కూడా ఉండదు. రేపు జ్వరమో నొప్పో వస్తే నేను ఎవరికి చెప్పాల, ఎక్కడికి పంపాల? ముందే తెలిసి ఉంటే ఇచ్చేదాన్ని కాదు. ఈ నెలాఖరుకు ఖాళీ చేయండి."

"పరీక్షలు ఉండాయమ్మా, డిసెంబరులో..."

"ఇంకెక్కడైనా చూసుకోండి."

మిద్దె మీద రూములో నాగమ్మ రొట్టెల మూట దించింది. కూతుర్ని అడిగింది. "సిగ్గయిందా మే, మేం కూలోల్లమని?"

"రూము పోతాదని భయమమ్మా."

"అంతేనా?"

సునీత ఏడుపు ఆపుకోలేక, "కొంచెం సిగ్గు గూడా అయింది" అనేసింది.

నాగమ్మ తన రెండు చేతులూ చాపి చూపించింది. మిరప ఘాటుకు తోలు ఊడి మళ్ళీ వచ్చిన వేళ్ళు. "ఈ సేతులతో కోసినామ్మే యాభై ఎకరాలు. ఉన్నోళ్ళు ఎవరన్నా కోసినారా, సెప్పు?" అని, ఇంక అక్కడ నిలబడలేక, చెప్పులు తొడుక్కుంది. మెట్ల దగ్గర ఆగి, "రూము దొరక్కపోతే మాతో వచ్చేయ్" అన్నది.

"నేను రానమ్మా. స్టేషన్లో బెంచీ మీద కూర్చునైనా పరీక్ష రాస్తా."

ఆ పిల్ల వారమంతా కాలేజీ అయినాక రూముల కోసం తిరిగింది. దొరకలేదు. ఈసారి ప్రతి గుమ్మం ముందూ "మా అమ్మానాయన కూలికి పోతారు" అని ముందే చెప్పింది. ఒకామె మెచ్చుకుంది గానీ రూము మాత్రం ఇవ్వలేదు. నెలాఖరు ఆదివారం నాడు పెట్టె సర్దుకుని, చాప చుట్టి, రంగనాయకులు ఇంటి మెట్ల మీద కూర్చుని పుస్తకం తెరిచింది. మరునాడు డిసెంబరు ఒకటి, మొదటి పరీక్ష; సాయంత్రం దాకా చదివి స్టేషనుకు పోవాలని అనుకుంది.

అదే ఆదివారం పొద్దున ఊళ్ళోకి లారీ వచ్చింది. నాగమ్మ తాళం వేసింది, తాళంచెవి ముడేసుకుంది, ఎక్కింది. సిద్దప్ప ఎప్పటిలాగే వెనక్కి చూడకుండా కూర్చున్నాడు. ఇల్లు వస్తోందా లేదా అని వెనక్కి చూడటం మర్యాద కాదు, ఇంటిని నమ్మనట్టు ఉంటుంది. లారీ కదిలింది. వెనక ఇండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి లేచినాయి. దుమ్ము లేచింది.

కూడలి వచ్చింది. ఎడమకు తిరిగితే ఎమ్మిగనూరు, అక్కడినుంచి కర్నూలు, గుంటూరు. కుడికి తిరిగితే ఆదోని. లారీ ఎడమకు తిరిగింది. ఇండ్లు ఒక్కొక్కటే ఎడమకు తిరిగినాయి. నాగమ్మ ఇల్లు మాత్రం కూడలిలో ఆగింది. కాసేపు అట్లే నిలబడింది. వెనక వస్తున్న పక్కింటి సుధాకర్ వాళ్ళ ఇల్లు దోవ కోసం పక్కకు ఒదిగింది. అప్పుడు నాగమ్మ ఇల్లు మెల్లగా కుడికి తిరిగింది.

లారీలో సుధాకర్ అన్నాడు, "సిద్దన్నా, నీ ఇల్లు ఆదోని దోవ పట్టిందప్పా."

సిద్దప్ప జీవితంలో మొదటిసారి వెనక్కి చూసినాడు. ఎర్రమన్ను పూసిన తన గోడలు, తన తండ్రి నిలబెట్టిన గుంజలు, తన పెండ్లికి వేసిన సున్నపు బొట్లు, అన్నీ కూతురు ఉన్న దిక్కుకు పోతున్నాయి. మొగుడు ఏమనుకుంటాడోనని నాగమ్మ ఆయన మొగం వైపే చూసింది. పెద్దరికం పోయిన మొగోడు ఎట్లుంటాడో ఎవరికి తెలుసు?

"ఆపు డ్రైవరూ," అన్నాడు సిద్దప్ప. దిగినాడు. తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. లారీలో ఉన్నవాళ్ళందరి మొగాలూ ఒకసారి చూసి, అందరికీ వినపడేటట్టు అన్నాడు, "మా పాప ఇంటికి పెద్దదయిందప్పా. పంతొమ్మిదేండ్లకే! నాకు ముప్పై నాలుగు పట్టింది." నాగమ్మ కూడా దూకినంత పని చేసి దిగింది. ఇల్లు తన వెంటనే నడుస్తుందనే పాత అనుమానం ఆ క్షణంలో వదిలేసింది, ఒక్క రవ్వ కూడా బాధపడకుండా.

మేస్త్రీ కేకలేసినాడు. "ఏమప్పా, సుగ్గి సంగతేంది?"

"ఇల్లు యాడుంటే ఆడే పని చూసుకుంటాం. యార్డులో పత్తి బోరేల మూటలు ఎత్తేదానికి మనుసులు కావాల్నంట," అన్నాడు సిద్దప్ప. లారీ వెళ్ళిపోయింది.

ఇన్నేండ్లూ వాళ్ళు ముందు, ఇల్లు వెనక. ఆ దినం ఇల్లు ముందు, వాళ్ళు వెనక. ఎండ ముదిరింది. కాళ్ళు గుంజినాయి. "లోపల కూసుని పోదామా?" అన్నది నాగమ్మ.

"ఇప్పుడది మన ఇల్లు కాదు కదే. పిలవకుండా ఎట్ల పోయేది?" అన్నాడు సిద్దప్ప, గొప్పగా. నాగమ్మకు ఆ మాట ఎంత నచ్చిందంటే, కాళ్ళనొప్పి మరిచిపోయి నడిచింది.

సాయంత్రం నాలుగు దాటినాక ఇల్లు ఆదోని చేరింది. రైల్వే గేటు దగ్గర రెండు గూడ్సు బండ్లు పోయేదాకా ఓపిగ్గా నిలబడింది. పత్తి లారీలకు దోవ ఇచ్చింది. ఆటోవాళ్ళు "ఏయ్, పక్కకు, పక్కకు!" అని హారన్లు కొట్టినారు, అంతకంటే ఎవరూ ఏమీ అనలేదు. రంగనాయకులు ఇంటి పక్కన, ఒకప్పుడు పత్తి ఎండబోసిన ఖాళీ స్థలం ఉంది. ఇల్లు ఆ స్థలంలోకి తిరిగి, వాకిలి సునీత కూర్చున్న మెట్ల వైపు పెట్టుకుని, మెల్లగా కూర్చుంది.

సునీత పుస్తకం మూసి లేచింది. దుమ్ము కొట్టుకుపోయిన తల్లినీ తండ్రినీ చూసింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఆ ఊరి పిల్ల కదా.

రాజేశ్వరి, రంగనాయకులు బయటికి వచ్చినారు. స్థలం తమది కాబట్టి రంగనాయకులు గొంతు సవరించుకున్నాడు. "మంచిదే. నేలకు బాడుగ రాసుకుందాం. ఏమప్పా, నీ పేరు మీదనే కదా?"

"ఇంటి పెద్ద పేరు మీద రాయండి సామీ," అని సిద్దప్ప పక్కకు తప్పుకున్నాడు, కూతురికి దోవ ఇస్తూ.

సునీత ముందుకు వచ్చింది. కాగితం కంటే ముందు రాజేశ్వరితో మాట్లాడింది, వీధిలో నిలబడి, వీధిలో అందరూ వింటుండగా. "ఆంటీ, మా అమ్మ మొదటి దినమే నిజం సెప్పింది. మీకు వేరేగా అర్థమైందని నాకు శ్రావణంలోనే తెలిసింది. సెప్పకుండా దాచింది నేను. తప్పు నాది. మా అమ్మానాయన కూలికి పోయి నన్ను ఈడిదాకా తెచ్చినారు. ఇంక ఎవరడిగినా ఇదే సెప్తా."

రాజేశ్వరి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇల్లూ వాకిలీ లేని పిల్లవని కదా నేను భయపడింది," అన్నది. "ఇప్పుడు నాకంటే నీకే గట్టి దిక్కు ఉంది. రేపు పరీక్ష ఎన్ని గంటలకు?"

"తొమ్మిదికి ఆంటీ."

సునీత కాగితం మీద సంతకం పెట్టింది. తల్లి దగ్గర తాళంచెవి తీసుకుంది. తలుపు తీసి ఒక్కతే లోపలికి పోయింది. లైటు లేదు కాబట్టి దీపం వెలిగించింది. బయట సిద్దప్ప, నాగమ్మ తమ ఇంటి ముందే, చుట్టాల మాదిరి, చేతులు కట్టుకుని నిలబడినారు. పక్క మిద్దెల మీదనుంచి, సందు చివరనుంచి జనం చూస్తున్నారు.

సునీత గడప దగ్గరికి వచ్చింది. "అమ్మా, నాయనా, లోపలికి రాండి," అన్నది.

"పదవే, ఇంటి పెద్ద పిలుస్తాండాది," అని సిద్దప్ప తువ్వాలతో కళ్ళు ఒత్తుకుని ముందు నడిచినాడు. నాగమ్మ వెంటనే కదల్లేదు. కొంగు సర్దుకుంది, జుట్టు దుమ్ము దులుపుకుంది. వీధిలో అందరూ చూస్తున్నారో లేదో ఒకసారి చుట్టూ చూసుకుంది. అప్పుడు, తొందరేమీ లేకుండా, లోపలికి పోయింది.